నేల క్రింద నడచు కాలువలు: పారశీక దేశపు ప్రాచీన జలనిర్మాణములు



బావిలో నీరు తగ్గినప్పుడు మనము సాధారణముగా చేయు పని యేది? మరికొంత లోతునకు బోరు దింపుదుము. పొరుగు రైతు 300 అడుగులు దింపిన మనము 400 అడుగులకు పోవుదుము. మరుసటి వేసవికి అతడు 500 అడుగులకు దిగును. ఈ పందెములో నేడు ఎవరు గెలిచినను, రేపు ఇద్దరి బావులును ఎండును.

ఇందుకు పూర్తిగా భిన్నమైన పద్ధతిలో, మోటారు లేక, మోట లేక, ఎద్దులు కూడ లేక, భూగర్భజలమును పొలమునకు పారించుకొనిన దేశమొకటి కలదు. అది పారశీక దేశము, అనగా నేటి ఇరాను. అచ్చటి ప్రాచీన స్థలములను చూడబోవు యాత్రికులు రాజభవనముల స్తంభములను, రాతిపై చెక్కిన సింహములను చూచి వత్తురు. వ్యవసాయము చేయువాడు చూడదగినవి మరికొన్ని అచ్చట ఉన్నవి. ఆ భవనములకు అన్నము పెట్టిన నీరు ఎక్కడనుండి వచ్చినది? అది యెట్లు పంచబడినది? నేడు ఏమైనది? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

దేశ పరిస్థితి

ఇరాను దేశమునకు ఉత్తరమున ఎల్బుర్జ్ పర్వతములు, పడమర జాగ్రోస్ పర్వతములు గోడలవలె నిలిచియున్నవి. మేఘములు తెచ్చు నీటిలో అధికభాగము ఈ పర్వతములపైననే వానగాను మంచుగాను పడును. లోపలి పీఠభూమి చాలవరకు ఎడారి. మధ్యభాగములోని యజ్ద్ పట్టణములో ఏడాది వర్షపాతము 100 మిల్లీమీటర్లకు కూడ చేరదు. మన రాష్ట్రములో కరువు సీమయని పేరుపడిన అనంతపురము ప్రాంతములో సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము కురియును. దీనినిబట్టి వారి నీటి కొరత యెంతటిదో ఊహింపవచ్చును.

అయినను ఆ ప్రాంతములలో గోధుమ, దానిమ్మ పండుచున్నవి. కెర్మాన్ ప్రాంతము పిస్తాకును, గొనాబాద్ ప్రాంతము కుంకుమపువ్వునకును, బామ్ ప్రాంతము ఖర్జూరమునకును ప్రసిద్ధి. కొండలపై కరగిన మంచునీరు కొండ పాదమునందలి గులకరాళ్ల నేలలో ఇంకి, భూగర్భములో నిలువయగును. ఆ నిలువను పల్లమునకు తెచ్చుకొను ఉపాయమును పారశీకులు కనుగొనిరి. నది యున్నచోట ఆనకట్టలు కట్టిరి. నది లేనిచోట నేల క్రింద కాలువలు త్రవ్విరి. మొదట నదిని చూతము.

షుష్తర్ – నదిని చీల్చిన ఊరు

దేశమునకు నైరుతి దిక్కున ఖుజెస్తాన్ మైదానములో కారూన్ నది యొడ్డున షుష్తర్ అను పట్టణము కలదు. ఇచ్చటి జలనిర్మాణములను 2009లో యునెస్కో సంస్థ ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. వీటి ఆరంభము క్రీస్తు పూర్వము 5వ శతాబ్దమున, దారియస్ చక్రవర్తి కాలమున జరిగినదని భావింపబడుచున్నది. క్రీస్తు శకము 3వ శతాబ్దమునకు అవి పూర్తి రూపము పొందినవి.

ఇచ్చట నదినుండి గర్గర్ అను కాలువను త్రవ్వి, నీటిని రెండు పాయలుగా చీల్చిరి. అసలు నదికి అడ్డముగా సుమారు 500 మీటర్ల పొడవున ఆనకట్టయు, దానిపై కమానుల వంతెనయు నిర్మించిరి. 260వ సంవత్సరమున సస్సానీయ రాజగు షాపూర్ రోమను చక్రవర్తి వాలేరియన్‌ను యుద్ధములో పట్టుకొనెను. పట్టుబడిన రోమను సైనికులే ఈ పనికి కూలీలనియు, అందుచేతనే దీనికి కైసర్ ఆనకట్ట యను పేరు వచ్చినదనియు స్థానికుల కథనము. నేడు కమానులలో కొన్ని మాత్రమే మిగిలియున్నవి.

ఈ ఆనకట్ట పని మనకు క్రొత్తది కాదు. నీటిని పెద్ద యెత్తున నిలువచేయుట దీని ఉద్దేశము కాదు. నది మట్టమును కొంత పైకెత్తి, ప్రక్క కాలువలోనికి నీరు ఎక్కునట్లు చేయుటయే. 1852లో పూర్తియైన ధవళేశ్వరము పాత ఆనకట్ట సూత్రము కూడ ఇదియే. షుష్తర్ వద్ద ఎక్కిన నీరు రెండు పాయల నడుమనున్న మియానాబ్ మైదానమునకు పారెను. ఆ మైదానము విస్తీర్ణము 40,000 హెక్టారులు, అనగా సుమారు లక్ష ఎకరములు. పారసీ భాషలో మియాన్ అనగా మధ్య, ఆబ్ అనగా నీరు. మన కోనసీమవలెనే నీటి నడుమనున్న నేలయని దాని అర్థము.

గర్గర్ కాలువ గట్టున కొండరాతిని తొలిచి సొరంగములు చేసిరి. ఆ సొరంగముల గుండ నీరు దిగువకు ఉరుకుచు పిండి మరలను త్రిప్పెడిది. పని ముగించుకొనిన నీరు వ్యర్థము కాలేదు. దిగువ పొలములకే చేరెను. ఒకే నీటిని ఊరికి, మరకు, మడికి వరుసగా వాడుకొనిన తీరు ఇచ్చట ప్రత్యేకముగా గమనింపదగినది.

రాజధానులలో నీరు

షుష్తర్ నుండి తూర్పుగా జాగ్రోస్ కొండలు దాటిన ఫార్స్ ప్రాంతము వచ్చును. పారశీక సామ్రాజ్యమునకు పుట్టినిల్లు ఇదియే. ఇచ్చటి పాసార్గాద్ వద్ద సైరస్ చక్రవర్తి క్రీస్తు పూర్వము 6వ శతాబ్దమున రాజధాని నిర్మించి, దాని నడుమ తోట వేయించెను. తోట చుట్టును, నడుమను చెక్కిన రాతి కాలువలు, వాటి మధ్య చిన్న రాతి తొట్లు నేటికిని కనిపించును. తొట్టివద్ద నీటి వడి తగ్గి మట్టి అడుగునకు దిగును. తేటనీరు ముందుకు సాగును. మనము పంట కాలువలో బురద పట్టుటకు త్రవ్వు గుంట పని కూడ ఇట్టిదే.

ఆ తరువాత క్రీస్తు పూర్వము 518 ప్రాంతమున దారియస్ చక్రవర్తి మర్వ్‌దష్త్ మైదానపు అంచున పర్సెపోలిస్ నిర్మాణము ఆరంభించెను. స్థానికులు దీనిని తఖ్తే జంషీద్ అందురు. గొప్ప వేదికపై లేచిన ఆ భవనములను క్రీస్తు పూర్వము 330లో అలెగ్జాండర్ సేనలు తగులబెట్టినవి. స్తంభములు కూలినవిగాని, వేదిక క్రిందనున్న మురుగుకాలువలు నిలిచినవి. భవనములు లేపకముందే రాతిని తొలిచి ఆ కాలువలను ఏర్పరచిరి. కొండనుండి దిగు వాననీరు పునాదులను తాకకుండ వెళ్లిపోవుటకు ఈ ఏర్పాటు చేసిరి. కట్టడము కట్టుటకు ముందు నీటి దారి చూచుకొనవలెనను మాట వారికి బాగుగ తెలియును.

ఆ మైదానములోనే కుర్ నదిపై 10వ శతాబ్దములో బువైహీ రాజగు అదుద్ అల్ దౌలా కట్టించిన అమీర్ ఆనకట్ట కలదు. రాజవంశములు మారినను ఆ మైదానములో వ్యవసాయము మాత్రము నీటినిబట్టియే సాగినది. ఈ మర్వ్‌దష్త్ మైదానమును పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. వ్యాసము చివర దీనిని మరల చూడవలసి యున్నది.

ఖనాతు అనగా నేమి?

నది లేని ప్రాంతముల సంగతి ఇక చూతము. పర్సెపోలిస్ నుండి ఈశాన్యముగా యజ్ద్ వైపు పోవుకొలది నదులు కనుమరుగగును. ఆ ఎడారిపై విమానములో పోవువారికి నేలపై వరుసగా చీమల పుట్టలవంటి మట్టి వలయములు మైళ్ల పొడవున కనిపించును. ఒక్కొక్క వలయము నడుమ ఒక్కొక్క నిలువు బావి కలదు. ఆ బావుల నన్నిటిని కలుపుచు అడుగున ఒక సొరంగము నడచుచున్నది. దీనినే ఖనాతు అందురు. కొన్ని ప్రాంతములలో కారేజ్ అందురు. మనము గుడారమునకు కట్టు కనాతు వేరు, ఇది వేరు.

నేను తరగతిలో నల్లబల్లపై ఖనాతు బొమ్మ గీసినప్పుడెల్ల విద్యార్థులు అడుగు మొదటి ప్రశ్న, “మోటారు ఎక్కడ?” అని. మోటారు లేదు. కొండ పాదమున నీటి మట్టము ఎత్తున ఉండును. ఊరు పల్లమున ఉండును. ఎత్తున నున్న నీటి పొరలోనికి పల్లమునుండి స్వల్పమైన వాలుతో సొరంగము త్రవ్వినచో, నీరు తనంతట తానే నడచి ఊరి అంచున నేలపైకి వచ్చును. నీటి పొరను తాకు ఎగువ బావిని వారు ‘మాదర్ చాహ్’, అనగా తల్లిబావి అందురు.

త్రవ్వు విధానము

ఈ పని చేయు నిపుణులను ముఖన్నీలు అందురు. విద్య తండ్రినుండి కొడుకునకు వచ్చును. పని క్రమము ఈ క్రింది విధముగా ఉండును:

1. కొండ పాదమున పచ్చదనము, నేల తీరు, వాగుల నడక పరిశీలించి పరీక్ష బావి త్రవ్వుదురు. నీరు పడి, అది నిలకడగా ఊరుచున్నదని తేలిన పిదపనే పని ఆరంభింతురు.

2. బావి లోతును త్రాటితో కొలిచి, మట్టపు సాధనములతో నేల వాలు లెక్కించి, నీరు బయటపడవలసిన చోటును నిర్ణయింతురు.

3. సొరంగమును పల్లపు చివరనుండి ఎగువకు త్రవ్వుకొని పోవుదురు. ఇట్లు చేయుటచే తగిలిన నీరు వెనుకకు పారిపోవును, త్రవ్వువాడు మునిగిపోడు.

4. సుమారు 20 నుండి 50 మీటర్లకు ఒకటి చొప్పున నిలువు బావులు దింపుదురు. మట్టిని చేది చక్రముతో పైకి లాగుట, లోపలివారికి గాలి అందించుట వీటి పని. తీసిన మట్టిని మూతి చుట్టు గట్టుగా పోయుటచే వరదనీరు లోనికి దూకదు.

5. సొరంగము వంకర పోకుండ దీపములను వరుసగా పెట్టి చూపు సరిచూచుకొందురు. దీపము మసకబారినచో గాలి చెడినదని గ్రహించి బయటికి వత్తురు.

6. నేల వదులుగా నున్నచోట కాల్చిన మట్టి వలయములను వరుసగా దింపి సొరంగమునకు ఆధారము కల్పింతురు.

వాలు విషయములో వారికి గల జాగ్రత్త ప్రశంసనీయము. వెయ్యి మీటర్లకు ఒకటి, రెండు మీటర్లు మాత్రమే పల్లము ఇత్తురు. ఎక్కువైన నీరు సొరంగమును కోసివేయును. తక్కువైన మట్టి మేటవేయును. పంట కాలువ తీయు మన రైతుకు ఈ సూత్రము అనుభవమే. అయితే వారు దీనిని చీకటిలో, వందల అడుగుల లోతున పాటించిరి.

ఈశాన్యమున గొనాబాద్‌లోని కసబే ఖనాతు పొడవు సుమారు 33 కిలోమీటర్లు. దానికి 427 బావులు. తల్లిబావి లోతు 300 మీటర్లకు, అనగా సుమారు వెయ్యి అడుగులకు పైగా ఉండును. దీని వయస్సు సుమారు 2,500 సంవత్సరములని చెప్పుదురు. యజ్ద్ లోని జార్చ్ ఖనాతు పొడవు 70 కిలోమీటర్లకు మించును. ఈ రెండింటితో కలిపి 11 ఖనాతులను 2016లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినది. యజ్ద్ పట్టణమున కొన్ని ఇండ్లలోనుండియు, మసీదులలోనుండియు మెట్లు దిగి ప్రవాహమును చేతితో తాకవచ్చును. అచ్చట నీటి వస్తుప్రదర్శనశాల కూడ కలదు.

నీటిపై హక్కు, నీటి పంపకము

ఇంతటి పనికి ఎవరు పూనుకొందురు? దీనికి సమాధానము క్రీస్తు పూర్వము 2వ శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు పోలిబియస్ వ్రాతలలో లభించును. నీరు లేని నేలకు నీరు తెచ్చినవారికి, ఆ నేలను ఐదు తరములవరకు అనుభవించు హక్కును పారశీక రాజులు ఇచ్చిరని ఆయన తెలిపెను. మనుమడు, మునిమనుమడు కూడ ఫలము పొందునని తెలిసినప్పుడే తాత తన చెమటను అంత లోతున పోయును.

హక్కుతోపాటు హద్దు కూడ ఏర్పడెను. 9వ శతాబ్దములో ఖొరాసాను పాలకుడగు అబ్దుల్లా బిన్ తాహిర్ న్యాయవేత్తలను సమావేశపరచి ఖనాతు తగవులకు సంబంధించిన ధర్మములను గ్రంథస్థము చేయించెను. 11వ శతాబ్దారంభమున అల్ కరజీ అను గణితవేత్త మరుగునీటిని వెలికితీయు శాస్త్రముపై పుస్తకము వ్రాసి, ఒక ఖనాతునకు ఎంత దూరములో మరియొకటి త్రవ్వరాదో చర్చించెను. పొరుగువాని నీరు లాగు చోట బావి త్రవ్వరాదను నియమము ఇట్లు శాస్త్రమునందును, ధర్మమునందును నిలిచినది.

నీరు బయటపడిన పిదప దానిని కాలమునుబట్టి పంచుకొనిరి. అడుగున సన్నని రంధ్రము గల రాగిగిన్నెను నీటి తొట్టిలో తేలవిడుతురు. గిన్నె నిండి మునిగిన ఒక లెక్క. మునిగిన ప్రతిసారి ఒక గులకరాయి వేయుదురు. ఇన్ని గిన్నెల కాలము ఫలానివారి మడికి, తరువాత ఇన్ని గిన్నెలు మరియొకరికి అని వంతులు నడచును. మన పెండ్లి ముహూర్తములకు పూర్వము పెట్టిన గడియకుడుక సూత్రము ఇదియే. గడియారములు వ్యాపించువరకు అచ్చట ఈ పద్ధతి సాగినది. పంపకము చూచు అధికారిని మీరాబ్ అందురు. తెలంగాణ చెరువుల క్రింద నీరటి, రాయలసీమలో నీరుగంటి చేసిన పని కూడ ఇటువంటిదే.

ఖనాతులో లోపములు లేకపోలేదు. పంటకు అక్కరలేని చలికాలములో కూడ నీరు పారుచునే యుండును. ఏటేట పూడిక తీయవలెను. సొరంగము కూలి ముఖన్నీలు ప్రాణములు కోల్పోయిన సందర్భములు కలవు. పలుచోట్ల యాజమాన్యము పెద్ద భూస్వాముల చేతిలో నుండెను. అయినను దీనియందు ఒక గొప్ప గుణము కలదు. నేల ఎంత ఇచ్చునో అంతయే ఇది తీసికొనును. వాన తక్కువైన ఏడు నీటి మట్టము తగ్గును. దానితోపాటు ప్రవాహము కూడ తానే తగ్గును. రైతు ఆ ఏడు తక్కువ విస్తీర్ణములో విత్తును. అప్పు తీసికొను వీలే లేదు కనుక ఆ దేశపు రైతు నేలకు ఋణపడలేదు.

బోరుబావి వచ్చిన తరువాత

20వ శతాబ్దపు మధ్యకాలము మొదలు ఇరానులో లోతు బావులు, పంపులు వేగముగా వ్యాపించినవి. 1960 తరువాత జరిగిన భూసంస్కరణలలో పెద్ద కమతములు పంచబడినవి. భూమి చేతికి వచ్చుట చిన్న రైతునకు మేలే. కాని పూడికతీతకు అంతవరకు వ్యయము భరించినవారు తప్పుకొనగా, ఆ బాధ్యత పలుచోట్ల ఎవరిదియు కాకపోయెను. అదే సమయమున పంపు నీరు సులభముగా దొరకెను. ఎగువన బోరు పడినచో దిగువ ఖనాతు ఎండును. ఖనాతు ఎండిన రైతు తానును బోరు వేయును. నేటికిని ముప్పది వేలకు పైగా ఖనాతులు పారుచున్నవిగాని, ఎండినవి కూడ వేలలో నున్నవి.

భూగర్భజలము మితిమీరి తోడినప్పుడు మట్టి రేణువుల నడుమ నున్న ఖాళీలు అణగి, నేల క్రిందికి కుంగును. టెహరాను సమీపపు మైదానములలో ఏటా 20 సెంటీమీటర్లకు మించి నేల కుంగినట్లు కొలతలలో తేలినది. ఇట్లు అణగిన బంకమన్ను పొర మరల ఎంత వాన కురిసినను పూర్వమువలె ఉబ్బదు. నీటి సొమ్మే కాక, సొమ్ము దాచు పెట్టెయే చిన్నదగును.

పాఠకులను జ్ఞాపకముంచుకొనుడని కోరిన మర్వ్‌దష్త్ మైదానమును ఇప్పుడు చూడుడు. పర్సెపోలిస్ చుట్టునున్న ఆ సారవంతమైన నేలలో భూగర్భజలము పడిపోయి, భూమి కుంగి, పగుళ్లు వారినది. పారశీక చక్రవర్తుల సమాధులు గల నఖ్షే రుస్తం కొండ సమీపమునకు కూడ ఆ పగుళ్లు వచ్చినవి. అలెగ్జాండర్ నిప్పునకును, ఇరువది మూడు శతాబ్దముల ఎండవానలకును తట్టుకొని మిగిలిన రాళ్లకు ఇప్పటి భయము శత్రుసేనలవలన కాదు, చుట్టుప్రక్కల పొలములలోని బోరుబావులవలన.

మన ప్రాంతమునకు సంబంధము

ఈ విద్య మన దాపునకు కూడ వచ్చినది. 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములో భాగముగా నుండిన బీదరులో, 15వ శతాబ్దపు బహమనీ సుల్తానుల కాలమున త్రవ్విన కారేజ్ కలదు. ఇటీవలి సంవత్సరములలో దాని పూడిక తీసిరి. రాయలసీమలో ఏటి ఇసుకలో లోతుగా తీసి, ఊటనీటిని వాలుతో పొలమునకు నడపు ఊటకాలువలు వేరుగా పుట్టినవైనను, సూత్రము ఒకటే. ఏటిగట్టున బోర్లు పెరిగినచోట ఆ ఊటకాలువలు ఎట్లు ఎండినవో ఆ గ్రామముల పెద్దలు ఎరుగుదురు.

మనము చేయదగినవి

నేడు మనము ఖనాతులు త్రవ్వవలెనని ఈ వ్యాసము చెప్పదు. మన రాతినేలలకు అది పెక్కుచోట్ల వీలు కూడ కాదు. కాని ఖనాతు పాటించిన నియమమును బోరుబావి యజమాని తన యిష్టముతో పాటింపవచ్చును.

1. బోరు ఇచ్చు నీటిని కొలువుడు. 200 లీటర్ల డ్రమ్ము 100 సెకండ్లలో నిండిన, సెకండుకు 2 లీటర్లు వచ్చుచున్నట్లు. రోజుకు 7 గంటలు నడపిన సుమారు 50,000 లీటర్లు. ఎకరము నేలకు 5 సెంటీమీటర్ల తడి ఇచ్చుటకు సుమారు 2 లక్షల లీటర్లు కావలెను. అనగా ఎకరమునకు నాలుగు రోజులు. పది రోజులకొక తడి కావలసిన పంటను ఈ బోరు క్రింద రెండున్నర ఎకరములకు మించి వేయరాదు. వరి అయినచో ఇంకను తగ్గించవలెను.

2. వాడని బావిలోనో, ప్రక్క బోరులోనో నెలకొకసారి నీటి మట్టము త్రాటితో కొలిచి పుస్తకములో వ్రాసికొనుడు. దసరా నాటి మట్టమునుబట్టి రబీ విస్తీర్ణమును నిర్ణయించుడు.

3. మట్టము తగ్గిన ఏడు వరి మాని ఆరుతడి పంటలు వేయుడు. తోటలకు బిందుసేద్యము అమర్చుకొనుడు. అట్లు ఆదాయైన నీటితో విస్తీర్ణము పెంచినచో ఆదా యేమియు మిగలదు.

4. పొరుగువాని బావి ప్రక్కన బోరు వేయకుడు. 2002 నాటి వాల్టా చట్టము ఈ విషయమునే నియమముగా చేసినది. చట్టముకన్న ముందు ఇరుగుపొరుగు మాట మేలు.

5. చెరువు పూడిక, వాగుపై చెక్‌డ్యాము, పొలములో ఇంకుడుగుంత: వీనిని ఏటేట చూచుకొనుట మన కాలపు ఖనాతు పూడికతీతయే. ఎవరి పనియు కాదని విడిచిన నిర్మాణము ఎవరికిని నీరు ఇవ్వదు.

గొనాబాద్ తల్లిబావిని త్రవ్విన ముఖన్నీల పేర్లు చరిత్రలో లేవు. వారు తెచ్చిన నీరు మాత్రము నేటికిని పారుచున్నది. మన బోరు క్రింద మన కుమారుడు కూడ పంట తీయగలడా? ఈ వేసవిలో బావి మట్టమును కొలిచి వ్రాసికొనిన రైతునకు ఈ ప్రశ్నకు సమాధానము రెండు మూడేండ్లలో తన పుస్తకములోనే దొరకును.